తోకచుక్క కింద లోకం: ప్రపంచాంత కథలను చరిత్రగా చదవడం

1. పరిచయం

1910 మే 18, 19 తేదీల్లో భూమి హేలీ తోకచుక్క తోక గుండా ప్రయాణించింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అంతకు ముందు మూడు నెలలపాటు యూరప్, అమెరికా పత్రికలు చదివినవారిలో చాలామందికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తోకలో విషవాయువు ఉందనీ, అది గాలిలో కలిస్తే మనుషులంతా చనిపోతారనీ ప్రచారం జరిగింది. తోకచుక్క విషానికి విరుగుడు అంటూ మాత్రలు అమ్మినవాళ్ళు ఉన్నారు. కొనుక్కున్నవాళ్ళూ ఉన్నారు.

ఈ భయం చుట్టూ పుట్టిన కొన్ని చిన్న కథలను ఈ పాఠంలో పరిశీలిద్దాం. చరిత్ర పాఠంలో కథలకు ఏం పని అని మీకు సందేహం రావచ్చు. శాసనం, రెవెన్యూ రికార్డు, యాత్రికుడి రాత జరిగిన సంగతిని చెబుతాయి. ప్రపంచాంత కథ ఎన్నడూ జరగని సంగతిని చెబుతుంది. అయినా దాన్ని ఒక ఆధారంగా వాడుకోవచ్చు. రాసినవాడు ఏ ప్రమాదాన్ని నమ్మదగిందిగా ఎంచుకున్నాడో చూస్తే ఆ కాలపు విజ్ఞానం తెలుస్తుంది. ఎవరి చావును వివరంగా రాశాడు, ఎవరి చావును ఒక్క వాక్యంలో దాటేశాడు, చివర ఎవరిని బతికించాడు అన్నది చూస్తే ఆ కాలపు సమాజం తెలుస్తుంది. ‘లోకం మునిగిపోయింది’ అని ఒకడు రాసినప్పుడు, అతని లెక్కలో లోకం అంటే ఎవరు? ఈ పాఠం పొడుగునా ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని చదవండి.

2. ప్రళయం వేరు, ప్రపంచాంతం వేరు

లోకం అంతమవుతుందన్న ఊహ కొత్తది కాదు. మనువునూ చేపనూ గురించిన వరద కథ శతపథ బ్రాహ్మణంలోనే ఉంది. పురాణాల్లో ప్రళయం ఒక చక్రంలో భాగం. యుగం ముగుస్తుంది, మళ్ళీ సృష్టి మొదలవుతుంది. క్రైస్తవ సంప్రదాయంలో కాలం చక్రం కాదు, గీత. దాని చివర తీర్పు దినం ఉంటుంది. తెలుగునాట పోతులూరి వీరబ్రహ్మం పేరుతో ప్రచారంలో ఉన్న కాలజ్ఞానం చెప్పే వింతలు కూడా ధర్మం తప్పిన కాలానికి గుర్తులుగానే వస్తాయి. వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. వినాశనానికి కారణం మనుషుల నడవడి. దాన్ని పంపేవాడు ఒకడున్నాడు. మంచివాళ్ళకు ఏదో ఒక దారి కూడా ఉంది.

ఎడ్మండ్ హేలీ 1705లో ప్రకటించిన లెక్క ఈ పద్ధతిని మార్చింది. 1682లో కనిపించిన తోకచుక్క 1758లో మళ్ళీ వస్తుందని ఆయన చెప్పాడు. ఆయన 1742లోనే చనిపోయాడు, తోకచుక్క మాత్రం 1758 డిసెంబరులో కనబడింది. అంటే తోకచుక్క రాజుల చావును చెప్పడానికి వచ్చే దూత కాదు, నియమం ప్రకారం తిరిగే ఒక వస్తువు. భయం దీనితో పోవాలి. కానీ పోలేదు, రూపు మార్చుకుంది. తిరిగే వస్తువుకు దారి ఉంటుంది, దారిలో భూమి అడ్డురావచ్చు. 1773లో లాలాండ్ అనే ఫ్రెంచి ఖగోళవేత్త భూమికి దగ్గరగా రాగల తోకచుక్కల మీద ఒక పత్రం రాస్తే, అది చదవకముందే పారిస్‌లో గుండెలు బాదుకున్నారు. దేవుడి కోపానికి ప్రార్థన ఉంది. గణితానికి ఏ ప్రార్థన చేస్తారు? ఆధునిక ప్రపంచాంత కథ ఈ ఇబ్బందిలోంచే పుట్టింది.

3. పో కథ: గాలి మంటగా మారడం

అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో 1839 డిసెంబరులో ఒక పత్రికలో చిన్న కథ ప్రచురించాడు. అందులో ఉన్నవి రెండే పాత్రలు, ఇద్దరూ చనిపోయినవాళ్ళే. వాళ్ళు పరలోకంలో మాట్లాడుకుంటారు. భూమి ఎలా ముగిసిందో ఒకరు రెండోవారికి చెబుతారు. తోకచుక్క భూమి గాలిలోని నైట్రోజన్‌ను లాగేసుకుంటుంది. మిగిలింది ఆక్సిజన్ మాత్రమే. ముందు మనుషులకు వింత ఉత్సాహం, తరవాత నొప్పి, చివరికి ఒక్కసారిగా ఆకాశమంతా మంట.

గాలిలో దాదాపు అయిదో వంతు ఆక్సిజన్ అనీ, మిగిలినదంతా ఇంచుమించు నైట్రోజనేననీ తెలిసి అప్పటికి అర్ధ శతాబ్దం దాటింది. పో వాడుకున్నది ఆ రసాయన శాస్త్రాన్నే. అయితే కథ ముగింపు భాష మాత్రం బైబిల్ భాషకు దగ్గరగా ఉంటుంది. అది యాదృచ్ఛికం కాదు. అదే కాలంలో అమెరికాలో విలియం మిల్లర్ అనే మతబోధకుడు క్రీస్తు రాకకు ముహూర్తం పెట్టి వేలమందిని కూడగడుతున్నాడు. చివరి ముహూర్తం 1844 అక్టోబరు 22. ఆ రోజు గడిచిపోయింది, ఏమీ జరగలేదు. శాస్త్రం, శాస్త్రోక్తి రెండూ ఒకే కథలో సర్దుకు కూర్చున్న కాలం అది.

4. వెల్స్ కథలో హిందూస్థానం

హెచ్.జి. వెల్స్ రాసిన ‘ది స్టార్’ 1897 క్రిస్మస్ సమయంలో లండన్‌లోని ‘ది గ్రాఫిక్’ వారపత్రికలో వచ్చింది. అంతరిక్షంలోంచి వచ్చిన ఒక పెద్ద గోళం నెప్ట్యూన్‌ను ఢీకొంటుంది. రెండూ కలిసి మండుతూ సూర్యుడి వైపు దూసుకొస్తాయి. దారిలో భూమి. ఒక గణిత ఆచార్యుడు లెక్క కట్టి, ముప్పు తప్పదని విద్యార్థులకు చెబుతాడు. చివరికి ఢీకొనడం జరగదు. కానీ నక్షత్రం దగ్గరగా వెళ్ళడంతో మంచు కరుగుతుంది, భూకంపాలు వస్తాయి, సముద్రం నేల మీదకి లేస్తుంది.

ఈ కథలో భారతదేశం కనిపిస్తుంది. మైదానమంతా నీరు. ఆ నీటిలోంచి పైకి లేచిన గుళ్ళ మీద, మేడల మీద జనం కిక్కిరిసి ఉంటారు. వేడికీ భయానికీ ఒక్కొక్కరుగా నీళ్ళలో పడిపోతుంటారు. వెల్స్ దృష్టి విశాలమైనది. జపాన్, జావా, చైనా, ఇండియా అన్నిటినీ తలుచుకున్నాడు. కానీ ఎవరికీ పేరు లేదు, ఎవరూ నోరు విప్పి మాట్లాడరు. మనవాళ్ళు గుంపుగా మునిగిపోయే దృశ్యం మాత్రమే. ఇంగ్లండ్‌లోనివారికీ ఆయన దాదాపుగా పేర్లు పెట్టలేదు నిజమే, కానీ లెక్క కట్టే బుర్ర, ఎగతాళి చేసే నోరు, చలిలో నిలబడి ఆకాశం చూసే కళ్ళు వాళ్ళవే.

ఆ ఏడాదే జూన్‌లో విక్టోరియా రాణి వజ్రోత్సవం జరిగింది. ఆ ఏడాదే హిందూస్థానంలో కరువు, బొంబాయిలో ప్లేగు. అంతకు ముందు 1876-78 కరువును దత్తమండలాల ప్రజలు మరచిపోలేదు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి దాన్ని ధాత కరువు అన్నారు. కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాల్లో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. దేశం మొత్తం మీద 50 లక్షలకు పైగా చనిపోయారని చరిత్రకారుల అంచనా. ఇంకా వెనక్కి వెళితే 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద ఉప్పెన విరుచుకుపడింది. సుమారు 30 వేలమంది పోయారు. వెల్స్ ఊహించిన కెరటం ఎలా ఉంటుందో కృష్ణా తీరంలో ఎవరూ ఊహించుకోనక్కరలేదు. లండన్ పాఠకుడికి క్రిస్మస్ సెలవుల్లో ఒళ్ళు జలదరించే వినోదంగా అందిన సంగతి, వలస దేశాల్లో చాలామందికి అప్పటికే గడిచిన జీవితం. ప్రపంచాంతం ఎప్పుడో రాబోయేదిగా కనబడటం కూడా ఒక భాగ్యమే అని నాకనిపిస్తుంది.

వెల్స్‌కు ఈ సంగతి పూర్తిగా తెలియదని అనలేం. కథ చివర ఆయన అంగారక గ్రహంలోని ఖగోళవేత్తలను తీసుకొస్తాడు. వాళ్ళు దూరం నుంచి భూమిని చూసి, నష్టం పెద్దగా లేదని రాసుకుంటారు. ధ్రువాల దగ్గర తెల్లమచ్చలు కాస్త తగ్గాయి, అంతే. దూరంగా ఉన్నవాడికి కోట్లమంది చావు ఎంత చిన్నగా కనబడుతుందో ఆయన ఆ నాలుగు మాటల్లో చెప్పాడు.

ఇక్కడ కాసేపు ఆగండి. మద్రాసు ప్రెసిడెన్సీలోని ఒక కరువు ప్రాంతం గురించి లండన్‌లో కూర్చున్న అధికారి రాసే నివేదికకూ, ఆ అంగారక శాస్త్రవేత్తల పరిశీలనకూ పోలిక ఉందా? ఒక పేజీలో మీ అభిప్రాయం రాసి చూడండి.

5. 1910: సైనోజన్, గురజాడ

ఇప్పుడు మళ్ళీ 1910కి వద్దాం. తోకచుక్కల వెలుగును వర్ణపటంగా విడదీసి, వాటిలో ఏ పదార్థాలు ఉన్నాయో చెప్పే పద్ధతి 1860ల నుంచి ఉంది. 1910 ఫిబ్రవరిలో అమెరికాలోని యెర్క్స్ పరిశోధనాలయం, హేలీ తోకచుక్క వర్ణపటంలో సైనోజన్ అనే విషవాయువు జాడ కనిపించిందని ప్రకటించింది. ఫ్రెంచి ఖగోళవేత్త కమీల్ ఫ్లామరియాన్ ఆ వాయువు భూమిపై జీవాన్ని తుడిచిపెట్టవచ్చునని అన్నట్టు న్యూయార్క్ పత్రిక ఒకటి రాసింది. ఈయన 1894లోనే ప్రపంచాంతం మీద నవల రాసినవాడు. తోక శూన్యం కంటే కాస్త చిక్కగా ఉంటుందేమో, అంతకు మించి అందులో ఏమీ లేదని మిగిలిన శాస్త్రవేత్తలు చెప్పారు. పత్రికలకు ఆ మాట అంత రుచించలేదు. మే 6న ఏడవ ఎడ్వర్డ్ చనిపోయాడు. రాజు చావుకూ తోకచుక్కకూ ముడిపెట్టే పాత నమ్మకానికి దాంతో మళ్ళీ ప్రాణం వచ్చింది.

ఆధారాల విషయంలో ఒక హెచ్చరిక. ఆ ఏడాది జనవరిలో హేలీ కంటే ప్రకాశవంతమైన మరో తోకచుక్క పట్టపగలు కూడా కనిపించింది. హేలీ తోకచుక్కను చూశామని తరవాత చెప్పిన పెద్దల్లో చాలామంది నిజానికి చూసింది దాన్నేనని పరిశోధకులు గుర్తించారు. మౌఖిక చరిత్రను సేకరించేటప్పుడు ఇలాంటి కలగాపులగం ఎదురవుతుంది. జ్ఞాపకం అబద్ధం చెప్పదు గాని, తేదీలను మాత్రం తన ఇష్టం వచ్చినట్టు సర్దుకుంటుంది.

తెలుగు సాహిత్యానికి కూడా 1910 ముఖ్యమైన సంవత్సరమే. గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ కథ ఆ ఏడాది ఫిబ్రవరిలో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. తొలి ఆధునిక తెలుగు కథ అదేనా, అంతకు ముందే రాసిన భండారు అచ్చమాంబ కథలా అన్న చర్చ మీరు మరో పాఠంలో చదువుతారు. అదే సంవత్సరం అదే పత్రికలో ఆయన ‘ముత్యాల సరములు’ కూడా వెలువడింది. అది కథ కాదు, గేయం. కానీ అందులో ఒక కథ ఉంది. భార్యాభర్తలు తోకచుక్కను చూస్తూ మాట్లాడుకుంటారు. భర్త ఇతర కులాలవారితో కలిసి భోజనం చేసి వచ్చినవాడు. అది ఇంట్లో చిన్న విషయం కాదు. తోకచుక్క కీడుకు సూచన అని లోకం వణికిపోతుంటే, ఆ భర్త దాన్ని భూమికి దూరపు చుట్టంగా, పలకరించడానికి వచ్చినదానిగా చూస్తాడు. సంస్కరణకు ఎత్తిన జెండాగా ఊహిస్తాడు. కులభేదాలు అబద్ధమై పోయే రోజును కలగంటాడు.

ఇది ప్రపంచాంత సాహిత్యం కాదు కదా అని మీరు అడగవచ్చు. కాదు. కానీ యూరప్, అమెరికా పత్రికలు ‘లోకం పోతుందా’ అని అడుగుతున్న సమయంలో, విజయనగరంలో ఒక రచయిత ‘ఏ లోకం పోవాలి’ అని అడిగాడు. అదే తోకచుక్క, ప్రశ్న వేరు. పదేళ్ళ తరవాత అమెరికాలో మరొకరు అదే ప్రశ్న అడిగారు. ఒకరి రాత ఒకరు చదివినట్టు ఆధారం లేదు. పంక్తి భోజనం, హోటల్ బల్ల రెండూ ఒకే రకం సరిహద్దు గీతలు. అందువల్లే ఈ పోలిక వచ్చింది.

6. డుబోయిస్ ‘ది కామెట్’

దానికి ముందు ఒక్క మాట. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయల్ 1913లో ‘ది పాయిజన్ బెల్ట్’ అనే పెద్దకథ రాశాడు. భూమి ఒక విషపు పట్టీలోంచి వెళుతుంది, మనుషులంతా కుప్పకూలిపోతారు, ఒక రోజు తరవాత నిద్రలేచినట్టు లేస్తారు. హేలీ భయం ఇందులో స్పష్టంగా వినిపిస్తుంది. మరొకటి కూడా వినిపిస్తుంది. విషం ముందుగా నల్లజాతులను, దక్షిణ దేశాలవారిని పడగొడుతుంది, ఉత్తర జాతులు ఎక్కువసేపు తట్టుకుంటాయి. వాయువుకు సైతం జాతుల పట్టిక తెలుసన్నమాట! రచయిత దీన్ని విశేషంగా చెప్పడు, మామూలు వార్తలా చెబుతాడు. సామ్రాజ్యవాద భావజాలం గురించి రాసేటప్పుడు మీరు ఈ ఉదాహరణను వాడుకోవచ్చు.

డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ (1868-1963) చరిత్రకారుడు, సామాజిక శాస్త్రవేత్త. అమెరికాలో నల్లజాతివారి హక్కుల కోసం 1909లో ఏర్పడిన సంఘం స్థాపకుల్లో ఒకరు, దాని పత్రిక ‘ది క్రైసిస్’కు 1910 నుంచి సంపాదకులు. 1920లో వెలువడిన ఆయన పుస్తకం ‘డార్క్‌వాటర్’లో వ్యాసాల మధ్య ‘ది కామెట్’ అనే కథ ఉంది. చరిత్రకారుడు కథ ఎందుకు రాశాడో కథే చెబుతుంది.

జిమ్ న్యూయార్క్‌లోని ఒక బ్యాంకులో కబుర్లు మోసే నౌకరు. నల్లవాడు. ఊరంతా తోకచుక్క గురించే మాట్లాడుతోంది, అతనితో మాత్రం ఎవరూ మాట్లాడరు. పాత దస్తావేజులు తెమ్మని అతణ్ణి నేలమాళిగ అడుగుకు పంపుతారు. అక్కడికి వెళ్ళడం ప్రమాదం, అందుకే విలువైనవాళ్ళను పంపరు. అతను లోపల ఉండగా తలుపు మూసుకుపోతుంది. బయటపడి పైకి వచ్చేసరికి అందరూ శవాలు. తోకచుక్క వాయువులు నగరాన్ని చంపేశాయి. ఏ చిన్నచూపు అతణ్ణి కిందికి పంపిందో, అదే అతణ్ణి బతికించింది.

తరవాత దృశ్యం నా దృష్టిలో కథకు ప్రాణం. జిమ్ ఫిఫ్త్ ఎవెన్యూలో ఒక ఖరీదైన హోటల్లోకి వెళ్ళి తిండి తింటాడు. నిన్నటి రోజున అక్కడ అతనికి వడ్డించి ఉండేవారు కాదు. నిషేధించే చట్టం, నిలదీసే మనిషి, చూసి మొహం చిట్లించే తోటి అతిథి ఎవరూ మిగలలేదు. ఆకలి ఒక్కటే మిగిలింది. మూడు నాలుగు వాక్యాల్లో డుబోయిస్ విభజన వ్యవస్థ అంతటినీ చూపించాడు. మన దేశంలో సహపంక్తి భోజనాలకు ఎంత పోరాటం జరిగిందో తెలిసినవారికి ఆ వాక్యాలు విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇంకొకరు బతికి ఉన్నారు. జూలియా అనే ధనిక తెల్లజాతి యువతి. ముందురాత్రి తీసిన తోకచుక్క ఫొటోలను కడగడానికి ఆమె చీకటి గదిలో ఉండిపోయింది. ఇద్దరూ కారులో ఊరంతా తిరుగుతారు. హార్లెమ్‌లో అతని వాళ్ళను వెతుకుతారు, తరవాత ఆమె తండ్రిని. టెలిఫోన్ ఎక్స్ఛేంజికి వెళ్ళి పిలుస్తారు, ఎక్కడా జవాబు లేదు. మధ్యలో ఆమెకు అతనంటే భయం వేస్తుంది, పరుగెత్తుతుంది, మళ్ళీ తిరిగి వస్తుంది. సాయంత్రానికి ఒక ఎత్తయిన భవనం మీద ఇద్దరూ ఒకరినొకరు మొదటిసారి మనుషులుగా చూసుకుంటారు. లోకంలో మిగిలింది తామిద్దరమే అనుకుంటారు.

అప్పుడు కింద కారు హారన్ మోగుతుంది. ఆమె తండ్రి, ఆమె స్నేహితుడు వస్తారు. చనిపోయింది న్యూయార్క్ మాత్రమేనట. బయటి ప్రపంచం అలాగే ఉంది. ఆ ఒక్క వార్తతో రంగు గీత తిరిగొచ్చేస్తుంది. ఆమెకు ఏమైనా హాని చేశాడా అన్నది మొదటి ప్రశ్న. గుంపులోంచి ఉరి తీయండి అన్న అరుపు వినబడుతుంది. ఆమెను కాపాడింది ఇతనే అని తెలిశాక తండ్రి అతని చేతిలో డబ్బు పెడతాడు. చివర ఒక నల్లజాతి స్త్రీ జనంలోంచి వస్తుంది. జిమ్ భార్య. ఆమె చేతిలో వాళ్ళ పసిబిడ్డ శవం.

ఈ ముగింపును అర్థం చేసుకోవడానికి 1919ని గుర్తుంచుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి తిరిగొచ్చిన నల్లజాతి సైనికులు సమాన గౌరవం ఆశించారు. ఆ వేసవిలో అమెరికా నగరాల్లో వారిపై మూకదాడులు జరిగాయి. అంతకు ముందు ఏడాది ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి నగరాలను శవాలతో నింపింది. యుద్ధం, మహమ్మారి రెండూ వచ్చి వెళ్ళినా రంగు గీత చెరగలేదని డుబోయిస్ కళ్ళారా చూశారు. తోకచుక్క కూడా ఒక్క రోజుకు మించి దాన్ని చెరపలేకపోయింది. గురజాడ భర్త పాత్రకున్న ఆశ ఇక్కడ లేదు.

1946లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. నల్లజాతివారు ఐక్యరాజ్య సమితికి సమర్పించబోయే వినతిపత్రం గురించి అడుగుతూ, అంటరానివారి పరిస్థితికీ వారి పరిస్థితికీ ఉన్న పోలికను ప్రస్తావించారు. డుబోయిస్ సానుభూతితో జవాబిచ్చారు.

7. బాంబు తరవాత

1945 ఆగస్టు తరవాత తోకచుక్కలకు పని తగ్గింది. లోకాన్ని ముగించే శక్తి మనిషి చేతికే వచ్చింది. ఆ తరవాతి కథల్లో ఒక్కదాన్నే చూద్దాం. రే బ్రాడ్‌బరీ 1950లో రాసిన ఒక చిన్న కథలో మనిషన్నవాడే లేడు. కాలిఫోర్నియాలో ఒక యంత్రాల ఇల్లు ఉంటుంది. అది వేళకు వంట చేస్తుంది, గదులు ఊడ్చుకుంటుంది, ఎవరూ లేకపోయినా ఎవరికో కబుర్లు చెబుతుంది. బయటి గోడ మాడి నల్లబడి ఉంటుంది. దాని మీద గడ్డి కోస్తున్న తండ్రి, పూలు కోస్తున్న తల్లి, బంతి ఎగరేసిన పిల్లవాడు, అందుకోబోతున్న పాప, గాలిలోనే ఆగిపోయిన బంతి. ఈ ఆకారాలున్న చోట మాత్రమే రంగు మిగిలింది.

హిరోషిమాలో బ్యాంకు మెట్ల మీద ఒక మనిషి కూర్చున్న చోట అలాంటి నీడే మిగిలింది. బాంబు వేసిన దేశపు రచయిత ఆ నీడను తెచ్చి తన దేశపు గోడ మీద వేశాడు, తనలాంటి కుటుంబానికి తగిలించాడు. వెల్స్ కథలో దూరదేశాల జనం గుంపుగా మునిగిపోయారు. ఇక్కడ దూరదేశపు చావు పాఠకుడి సొంత పెరట్లోకి వచ్చింది. 

‘ది మార్షియన్ క్రానికల్స్’ పుస్తకంలో చేర్చినప్పుడు ఈ కథాకాలం 2026 ఆగస్టు. చివర ఇల్లు కాలి కూలిపోతుంది, ఒక్క గోడ నిలబడుతుంది. ఆ గోడలోని గొంతు తెల్లవారిన తేదీని పదేపదే చెబుతూ ఉంటుంది. ఆ తేదీ ఆగస్టు 5. హిరోషిమా మీద బాంబు పడినప్పుడు జపాన్‌లో ఆగస్టు 6 ఉదయం, అమెరికా గడియారాల్లో ఇంకా ఆగస్టు 5.